విమలకు నేనిప్పించిన ఉద్యోగం

ఎనభైలలో మాట. ఎమ్మిగనూరులో మా చేనేత వీధి ఆడవాళ్లు రాట్నాల దగ్గర కండెలు చుడుతుంటే, నేను వారపత్రికలోని సీరియల్ పైకి చదివేదాన్ని. ఆదోనిలో నా స్నేహితురాలు ముంతాజ్ కూడా అదే చదివేది. మా ఇద్దరికీ అది రాసిన రచయిత్రంటే ప్రాణం. కలిసినప్పుడల్లా ఆమె కథల మీద ప్రశ్నలడిగి ఒకరినొకరు పరీక్షించుకునేవాళ్లం.

ఒకసారి చీరలకని వచ్చిన ముంతాజ్ రాట్నాల ముందే పోటీ పెట్టింది. ఐదు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పాను.

"సరే మే, ఆఖర్లో విమల ఏమైతాది?"

విమలంటే ఆ సీరియల్ కథానాయిక. ముగింపు పడిన చివరి సంచిక మా ఊరికి రానేలేదు. అప్పట్లో వీధి వీధంతా అడుగుతుంటే తట్టుకోలేక, పాత సంచిక చేతిలో పట్టుకుని ముగింపు నేనే కల్పించి "చదివేశాను".

నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్లందరూ అందుకున్నారు. "టీచరమ్మ అయితాది గదా! మొగుడే వచ్చి కాళ్లు పట్టుకుంటాడు!"

"అది ఇనే నా కూతుర్ని మళ్లీ బడికి పంపిస్తి," అంది పక్కింటి ఈరమ్మ.

ముంతాజ్ ఈరమ్మను చూసింది, నన్ను చూసింది. "కరెక్టే," అంది.

బస్సెక్కేముందు మాత్రం నా చెవి మెలిపెట్టింది. "విమల జబ్బు చేసి సచ్చిపాయ గదమ్మే! నువ్వు బతికిచ్చి, ఉజ్జోగం గూడా ఇప్పిస్తివా?"

ఆ సంగతి మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఈ పత్రిక మా వీధికి రెండు కాపీలు వస్తుంది. ఇది అచ్చయిన వారం రెండూ నేనే దాచెయ్యాలి.