పసుపు పొట్లం మీది ముఖం

యుద్ధం రోజుల్లో కడపలో మంచి కాగితం దొరకడం గగనమైపోయింది. బొమ్మలు గీసి బతికేవాణ్ణి కదా, పూటకు అన్నం లేకపోయినా ఓర్చుకునేవాణ్ణి గాని చేతికింద కాగితం లేకపోతే నిలవలేకపోయేవాణ్ణి. ఒకపక్క గీసినదాన్ని తిప్పి రెండోపక్క గీసేవాణ్ణి. అదీ నిండిపోతే వీధులు పట్టుకుని తిరిగేవాణ్ణి. కాలికి బలపం కట్టుకున్నాడని నన్ను చూసి నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, ఒకచోట కూర్చుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

నాకు కూడు పెట్టింది అంగళ్ళవాళ్ళ పొట్లాల మీది బొమ్మలే. అగరొత్తులకు నెమలి, నూనెడబ్బాకు ఏనుగు, బీడీకట్టకు చందమామ. ఆ ఏనుగు చేత ఎన్నిసార్లు తొండం ఎత్తించానో దానికే తెలియాలి. నాకోసం నేను గీసుకునేవి వేరే ఉండేవి. అవన్నీ వీపులు.

ముఖం గీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా పక్క గట్టి నమ్మకం. నేను పెన్సిలు తీస్తే చాలు, ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవారు, మగవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. వెళ్ళిపోతుంటే గీసేవాణ్ణి. దర్గా దగ్గర నీళ్ళు మోసేవాళ్ళూ, రైలుస్టేషన్లో మూటల మీద కూర్చున్నవాళ్ళూ, నాపరాళ్ళ బండ్లు తోలేవాళ్ళూ, అందరూ నా కాగితాల్లో వెనకనుంచే ఉండేవాళ్ళు. ఒక్క ముఖమైనా, ఫలానా మనిషిదని చెప్పగలిగే ముఖం గీయాలని లోపల ఒకటే దురద. ఆ దురదకు మందు లేదు.

ఆ ఏడు పసుపు వ్యాపారం చేసే ఒక శెట్టిగారు పొట్లం మీదికి లక్ష్మీదేవిని గీయమన్నారు. బూరెబుగ్గల లక్ష్ములను గీసీ గీసీ విసుగెత్తి ఉన్నాను. ఈసారి చెంపలు లాక్కుపోయి, ఎండకు కళ్ళు చికిలించే ఆడమనిషిని గీశాను. ఎవరినో చూసి గీసింది కాదు. బజారులో కనబడి మాయమయ్యే ముఖాలన్నీ కలిపి కుట్టిన బొంత అది. నొసట బొట్టు, ముక్కుకు పుడక మాత్రం మరిచిపోకుండా పెట్టాను. శెట్టిగారు అంగడి అరుగు మీద కూర్చుని దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నారు.

"ఏమప్పా, ఇది లచ్చిమా? ఎండుమిరపకాయలు అమ్మే ఆయమ్మి మాదిరి ఉండాది. ఈ మొగం సూసి పసుపు ఎవురు కొంటారు? ఊరందరిదీ ఒగ దోవ, ఉలిపికట్టెది ఒగ దోవ అని నీలాంటోన్ని సూసే అన్నారు."

బొమ్మ నా చేతిలో పెట్టి ఆయన లోపలికి వెళ్ళిపోయారు. అరుగు కింద పసుపు బస్తాలు దించుతున్న రైతు ఒకాయన ఇదంతా వింటూ నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కమలాపురం పక్కన పల్లె ఆయనది.

"అయ్యా, సచ్చిపోయినోళ్ళ బొమ్మ గీస్తారా?"

భార్య రెండేళ్ళ కిందట కలరాతో పోయిందట. ఫోటో లేదు. "దినదినానికీ ఆయమ్మి మొగం నాకు అందకుండా పోతాండాది అయ్యా. నిన్న బాయికాడ శానాసేపు నిలబడి తలుసుకుంటి. రాలేదు. పాప అడుగుతాది, అమ్మ ఎట్లుండేదని. ఏం సెప్పల్లనో తెలీదు. పూర్తిగా పోకముందే కాగితం మీద పెట్టండయ్యా."

ఆ మాట విన్నాక నేను ఊరికే ఉండలేకపోయాను. బతికున్నవాళ్ళు నాకు ముఖం ఇవ్వరు. పోయినామె ముఖం ఇస్తానని ఈయన వచ్చాడు. ఆదివారమే రైలెక్కాను.

వాళ్ళు క్రైస్తవులు. చర్చిలో ప్రార్థన అయ్యేదాకా బయట పచార్లు చేసి, వాళ్ళ వెంటే ఇంటికి పోయి, చాప మీద కూర్చుని ముక్కు ఎట్లుండేదని అడిగాను.

"ముక్కు... ముక్కు మాదిరే ఉండేది అయ్యా."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెద్దవాళ్ళున్న ఇంట్లో పట్టపగలు పెండ్లాం ముఖంలోకి తేరిపార చూసే మగవాడు ఆ రోజుల్లో ఎక్కడున్నాడు? దోవన పోతే ఆయన ముందు, ఆమె వెనక. పోనీ కూతురి పోలికలు పట్టుకుందామంటే ఆయన అత్త మనవరాలిని కొంగులో దాచేసింది. "మాకుండేది ఇదొకటే. దీని మొగం కాగితానికి ఎక్కించొద్దయ్యా" అంది. చర్చికి పోయివచ్చినా ఆ భయం మాత్రం పోలేదు.

సరే, ఊహించి గీశాను. "బాగుండాది అయ్యా" అన్నాడు. మళ్ళీ పోయి ఇంకో ముఖం చూపించాను, దానికీ దీనికీ పోలికే లేదు. "ఇదీ బాగుండాది అయ్యా" అన్నాడు. కోలముఖం బాగుంది, గుండ్రటి ముఖం బాగుంది, చట్టిముక్కు బాగుంది, గరుడముక్కు బాగుంది. రైలు దిగడం, బాగుండాది అనిపించుకోవడం, రైలెక్కడం. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఒక్కటన్నా కాదని చెప్పప్పా!" అని ఒకరోజు అరిచేశాను.

ఆయన చేతులు కట్టుకున్నాడు. "మీరు ఇంత కష్టపడి గీస్తే కాదని ఎట్లంటామయ్యా."

ఇక లాభం లేదని కళ్ళు మూసుకోమన్నాను. ఆమె ఎక్కడ కనబడుతుందో అదే చెప్పమన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"సేన్లో అయ్యా. నేను కపిల తోలతాండా. ఆయమ్మి పసుపులో కలుపు తీస్తాండాది. ఎడమ బుజం రోంత కిందికి ఉండాది. నేను పాట ఎత్తుకుంటే లేసి నడుం మీద సెయ్యి పెట్టుకుంటాది. తిరిగి మాత్రం సూడదు. అందరూ ఉంటారు కదా, సిగ్గు."

ఎద్దులు బావిలోంచి తోలుబానను లాగుతుంటే, ఆ ఎద్దుల వెనక పొద్దంతా నడుస్తూ ఆయన చూసింది భార్య వీపు. వీపు! ముందే చెప్పి ఉంటే ఇన్నిసార్లు రైలెక్కేవాణ్ణా? నా చేతికి వచ్చిన విద్యే అది. పరుగులాంటి నడకతో స్టేషనుకు పోయాను. ఇంట్లో మిగిలిన మందపాటి కాగితం ఒక్కటే, శెట్టిగారు తిరగ్గొట్టిన లక్ష్మిది. దాని వెనకపక్క గీశాను. కిందికి వాలిన ఎడమ భుజం, నడుం మీద చెయ్యి, చెమటకు అంటుకున్న రవిక, ముందు పసుపు ఆకులు.

తీసుకుపోయి ఇచ్చాను. ఆయన బాగుండాది అనలేదు. తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆయమ్మే" అని మాత్రం అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

కూతురు నాయన భుజం మీదుగా తొంగి చూసింది. దానికి అక్కడ ఏముంది, ఒక వీపు. అమ్మ అటు తిరిగి నిలబడింది, అంతే కదా. చటుక్కున కాగితం లాక్కుని తిప్పింది.

"అమ్మ! నాయనా, అమ్మ మొగం ఈ పక్క ఉండాది!"

తల్లి ముఖం కోసం అలమటించే పిల్లకు పసుపు పొట్లం చేతికిచ్చాను. అది మీ అమ్మ కాదు తల్లీ అని చెబుదామనుకున్నాను. పిల్ల అప్పటికే ఆ చెంపను వేలితో నిమురుతోంది.

"కాదు పాపా" అన్నాడు ఆయన.

ఆ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

"మీ యమ్మకు బొట్టు యాడిది? ముక్కుపుడక యాడిది? మనం పెట్టుకుంటామా?"

నేను తెచ్చిన ముఖాలన్నిటికీ చేతి అలవాటుకొద్దీ బొట్టు పెట్టాను. అన్నీ బాగుండాయనే అన్నాడు మహానుభావుడు. నాలాంటి అయ్య గీసినదాన్ని ఆయన కాదనలేడు. కూతురికి పరాయి మనిషిని అమ్మని చూపించడానికి మాత్రం ఒప్పుకోలేడు. నేను చప్పుడు చేయకుండా రబ్బరు తీసి బొట్టు చెరిపాను. పుడక చెరిపాను.

"ఈ నొసలు శానా వెడల్పు. మీ యమ్మకు వెంటికలు ఈడిదాకా ఉండేటివి."

గీశాను.

"గడ్డం ఇంత మొన లేదు. నవ్వితే ఈ పక్క మాత్రం సొట్ట పడేది."

ఆయన నావైపు చూడటం లేదు. కూతురికి చెబుతున్నాడు, నేను ఆ మాటల వెంట పరుగెత్తుతున్నాను. ఆయనకు రాకుండా పోయిన ముఖం, ఇది కాదు, ఇది కాదు అంటూ ఉంటే ఒక్కొక్క గీతగా తిరిగి వస్తోంది. ఆయన గొంతు గబగబా సాగింది. ముఖం గీయొద్దన్న అత్త కూడా దగ్గరికి జరిగి, "పైపెదవి ఇంగా పల్చన, నా బిడ్డది" అంది. శెట్టిగారి లక్ష్మి కాస్త కాస్తగా వెళ్ళిపోయింది. చివరికి ఎడమ కన్ను మిగిలింది. అది ఇంకా నా బజారు ఆడమనిషిదే, ఎండకు చికిలించిన కన్ను. రబ్బరు దాని మీదికి తీసుకుపోయాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దయ్యా. ఇంగ ముట్టొద్దు. ఆయమ్మి పాపను సూస్తాండాది."

ఆ కన్ను ఆమెది కాదు. నాకు తెలుసు, బహుశా ఆయనకూ తెలుసు. దాన్ని సరిచేయాలని నా వేళ్ళు గుంజుతున్నాయి, ఇప్పటికీ గుంజుతాయి. రబ్బరు జేబులో వేసుకుని లేచాను.