మామ వీధిలో కలవని పైపు

మామ లేడు.

నిన్న పొద్దున వేలూరు ఆఫీసులో కంప్యూటర్ ఆన్ చేస్తుండగా గుడియాత్తం నుంచి అత్త ఫోన్. "పాపా, మామ పోయినాడమ్మా. కాఫీ తాగతా తాగతా అట్నే వాలిపోయినాడు."

నా నోట వచ్చిన మాట ఏంటంటే "ఏ మామ?" అని. నాకున్నది ఒక్క మామే.

అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ముప్పై ఏళ్లు ఊళ్లో నీళ్లు వదిలే పని చేశాడు. తెల్లారకముందే వాల్వు తిప్పే ఇనుప రాడ్డు సైకిల్‌కి కట్టుకుని వెళ్లేవాడు.

నా ఉద్యోగం కూడా నీళ్లదే, కాకపోతే కంప్యూటర్‌లో. ఊరి పైపుల మ్యాప్‌ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఏ వీధికి ఎంత ప్రెషర్‌తో నీళ్లు వెళ్తాయో చూడాలి. గుడియాత్తం మ్యాప్ మాకే వచ్చింది. ఎక్కించగానే వందల ఎర్రర్లు. కంటికి కలిసినట్టే కనిపించే పైపులు, జూమ్ చేస్తే ఎడం ఎడంగా ఉంటాయి. అక్కడ లైను తెగిందనుకుని సాఫ్ట్‌వేర్ నీళ్లు ఆపేస్తుంది.

రిటైరైన మామని పట్టుకున్నాను. ఆదివారాలు మ్యాప్ ప్రింట్లు పట్టుకుని ఇద్దరం వీధులన్నీ తిరిగాం. రోడ్డుని చెప్పుకాలితో తట్టి "ఇది కలస్తాది, రాసుకో. ఇది కలవదు, కొట్టెయ్" అనేవాడు. తప్పు గీత కనిపిస్తే "ఎవురు పాపా గీసింది? వాడు సోరే తింటాండాడా, గడ్డి తింటాండాడా?" అని తిట్టేవాడు.

వాళ్ల వీధి మొదట్లో మాత్రం ఆగిపోయాడు. అక్కడ పెద్ద లైను మీదుగా వాళ్ల వీధి చిన్న పైపు దాటుతుంది. మ్యాప్‌లో చూస్తే రెండూ కలిసినట్టే ఉంటాయి.

"ఈ రెండూ కలవవు పాపా. మొగుడూ పెండ్లాం అలిగి పండుకున్నట్టు. ఒకే చోట ఉండారు, మాటల్లేవు. అందుకే మా వీధికి చుక్క రాదు, తన్నీ లారీ తెచ్చే నీళ్లే గతి. దీన్ని మాత్రం కలిపేయొద్దు, చూసుకో."

రాసుకున్నాను. నిజంగా రాసుకున్నాను. ఆ కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది.

కొత్త లైన్లు ఏ వీధులకి వేయాలో తేల్చే రిపోర్ట్ గడువు దగ్గరపడింది. గ్యాపులు ఇంకా బోలెడు. దగ్గర దగ్గరగా ఉన్న పైపులన్నీ కలిపేసే బటన్ ఒకటుంది, నొక్కేశాను. ఎర్రర్లన్నీ పోయాయి. ఆఫీసులో అందరూ శెభాష్ అన్నారు. మామ చెప్పిన చోటు విడిగా చూడటం మర్చిపోయాను.

స్క్రీన్ మీద మామ వీధికి దండిగా నీళ్లు. నీళ్లున్న వీధికి కొత్త లైను దేనికి? కొత్త లైన్ల జాబితాలోంచి ఆ వీధి పేరు తీసేశారు.

తర్వాత తెలిసి సార్ దగ్గరికి పరిగెత్తాను. "ఫైనల్ అయిపోయిందమ్మా, ఇప్పుడు కదిలించలేం" అన్నారు.

మామ వారం వారం ఫోన్ చేసేవాడు. "మా వీధి పేరు ఉండాదా పాపా?"

"చూస్తాండా మామా" అనేదాన్ని. సిగ్గులేని నోరు నాది.

నెల క్రితం అడగడం మానేశాడు. మర్చిపోయాడనుకున్నాను. థూ, సంతోషించాను కూడా.

నిన్న కాట్పాడిలో రైలెక్కి, లత్తేరి దాటేదాకా అదే ప్రశ్న చెవిలో.

వెళ్లేసరికి మామని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించాలి. నీళ్లు లేవు.

ఊరంతటికీ నీళ్లు వదిలిన మనిషి, మధ్యాహ్నం దాకా లారీ కోసం అలా పడి ఉన్నాడు.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీ కంప్యూటర్లో మా వీధికి నీళ్లొస్తాండాయంట కదా పాపా. మీ మామకు ఎవురో చెప్పినారు. పాపని అడగొద్దు, నొచ్చుకుంటాది అనినాడు."

అన్నీ తెలిసే ఊరుకున్నాడు.

మామ చదివింది తమిళ బడిలో, తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. బతికుంటే ఈ పోస్ట్ నేనే చదివి వినిపించాలి. ఆ ధైర్యం నాకు ఎప్పటికీ వచ్చేది కాదు.

ఈ పొద్దున కంప్యూటర్‌లో ఆ జాయింటు విప్పేశాను మామా. చేతులు కాలాక ఆకులు. ఇప్పుడు నా మ్యాప్‌లో కూడా మీ వీధికి నీళ్లు రావు. దాన్నింక ఎవరూ చూడరు.

పోయిరా మామా. ఇంక తెల్లారకముందే లేవొద్దు. హాయిగా పడుకో.