గుమ్మటం మెట్ల మీద

సిడ్నీలో యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో నేనూ నా స్నేహితురాలూ గిరావీన్‌లో ఒక ఇంటి వెనక పెరట్లో కట్టిన చిన్న గ్రానీ ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్ళం. నాది తెనాలి, తనది వరంగల్. దగ్గర్లో పళ్ళ షాపు నడిపే ఇటాలియన్ ముసలాయన ఇచ్చిన క్యాలెండరు ఒకటి మా వంటగది గోడకి వేలాడుతుండేది. ఏడాది అయిపోయినా దాన్ని తియ్యలేదు. అందులో ఫ్లారెన్స్ ఊరు, మధ్యలో ఎర్ర పెంకుల పెద్ద గుమ్మటం. పప్పు ఉడుకుతుంటే తను గరిటెతో ఆ బొమ్మని చూపించి, "ఎప్పుడో ఒకనాడు మనిద్దరమే పోదామే. మొగుళ్ళు, పిల్లలు ఎవ్వరొద్దు," అనేది.

పోయిన ఏడాది వెళ్ళాం. కాకపోతే అప్పటికి నేను బయల్దేరింది ఊరు చూడడానికి కాదు.

అంతకుముందు ఏం జరిగిందో చెప్పాలి. తను ఒక డాక్టరుని పెళ్ళి చేసుకుని కెల్లీవిల్‌లో పెద్ద ఇంట్లో స్థిరపడింది. నేను గిరావీన్‌లోనే ఉండిపోయాను, పాథాలజీ ల్యాబ్‌లో ఉద్యోగం. నా భర్త ఒకరోజు సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయినప్పుడు ఆ సంగతి నేను చెప్పుకున్నది ఒక్క తనకే. ఆఫీసు అవ్వగానే కారు నేరుగా కెల్లీవిల్‌కి తిప్పేదాన్ని. వాళ్ళ వంటగదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని ఏడ్చేదాన్ని. నాకు ఏడుపు వస్తే వెక్కిళ్ళు ఆగవు. మాట సగంలో తెగిపోతుంది. ఆమె టీ పెట్టి ఇచ్చి, వీపు నిమురుతూ, "ఏడువు, నా దగ్గర కాకపోతే ఎవరి దగ్గర ఏడుస్తవ్?" అనేది.

కొన్ని నెలలకు నేను తేరుకున్నాను. ఒక శనివారం వాళ్ళింట్లో ఏదో పార్టీ. పెరుగు వడల ట్రే పట్టుకుని గరాజ్‌లోంచి వెళ్ళాను, మా అలవాటే అది. గరాజ్‌కీ వంటగదికీ మధ్య తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఎవరో, "మళ్ళీ చెయ్, మళ్ళీ చెయ్," అంటున్నారు. అప్పుడు నా గొంతు నాకే వినిపించింది.

"నే... నేనేం తక్కువ చేశానే తనకి? హిక్. పొద్దున్నే లే... లేచి ఇడ్లీ... హిక్... పెట్టానే!"

నా తెనాలి యాస, నా వెక్కిళ్ళు, ముక్కు ఎగబీల్చడం, అన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. చేస్తున్నది తనే. ఎవరో నవ్వలేక కౌంటరు మీద చేత్తో కొడుతున్న చప్పుడు. "ఇడ్లీ పెట్టినా పోయిండంటే, సాంబార్ బాగలేదేమో మరి!" అని తనే మళ్ళీ అందించింది. ఇంకోసారి నవ్వులు.

ట్రేని గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రిజ్‌లో పెట్టి, వెనక్కి వచ్చి కారెక్కాను. మైగ్రేన్ వచ్చిందని మెసేజ్ పెట్టాను. మర్నాడు ఫోన్ చేసింది. "వడలు సూపర్ ఉన్నయే, అందరూ ఒకటే మెచ్చుకున్నరు. నువ్వెప్పుడొచ్చి పెట్టిపోయినవ్?" అని అడిగింది. వడలు పాడవకూడదని ముందే పెట్టి వెళ్ళానన్నాను. నమ్మింది.

ఇటలీ టికెట్లు అప్పటికే తీసుకున్నాం. నేను రద్దు చేసుకోలేదు. రద్దు చేసుకుంటే ఎందుకో చెప్పాలి. చెబితే తను ఏడ్చి, కౌగిలించుకుని, రెండు నిమిషాల్లో తేల్చేసేది. నాకు తేలిపోవడం ఇష్టం లేదు.

తన గురించి నాకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. గ్రానీ ఫ్లాట్‌లో ఉండగా ఒకరోజు బాత్రూమ్ గడియ పట్టేసి తను లోపల ఇరుక్కుపోయింది. కిటికీ కూడా లేని బాత్రూమ్. ఇంటి ఓనరు వచ్చేదాకా నేను తలుపుకి ఇవతల నేల మీద కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను. బయటికొచ్చాక నా చెయ్యి వదల్లేదు. ఆ రోజు నుంచి తను బాత్రూమ్ గడియ పెట్టుకోదు, చిన్న లిఫ్టులు ఎక్కదు. వ్యాయామం కోసం మెట్లెక్కుతుందని వాళ్ళాయన అనుకుంటాడు.

గుమ్మటం ఎక్కడానికి స్లాట్ నేనే బుక్ చేశాను. పైకి వెళ్ళే దారి రెండు గోడల మధ్య, ఒక మనిషి పట్టేంత ఇరుకు అని చదివి మరీ బుక్ చేశాను. తనకి మాత్రం ఫోన్‌లో పైనుంచి తీసిన ఫొటోలే చూపించాను. "అబ్బ, క్యాలెండర్ల బొమ్మ మీద నిలబడతమా మనం!" అని మురిసిపోయింది.

ఆ రోజు పొద్దున ఎండ బంగారంలా ఉంది. ముందు పెద్ద చౌకు చూశాం. అక్కడ కంచు విగ్రహం ఒకటి ఉంది, ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో నరికిన తలని జుట్టు పట్టుకుని ఎత్తి చూపిస్తున్న యువకుడు. అతని మొహంలో కోపం లేదు, ప్రశాంతంగా ఉంది. నేను చాలాసేపు అతన్నే చూశాను. తను దాని కింద నిలబడి రెండు వేళ్ళు చూపిస్తూ సెల్ఫీ తీసుకుంది. తర్వాత నగల కొట్లున్న పాత వంతెన మీద నడిచాం. తను ప్రతి కొట్టు ముందూ ఆగి, "ఈ హారం మా అత్తమ్మ చూస్తే మూర్ఛపోతది," అంటూ గాజుకి ముక్కు ఆనించి చూసేది. ఒక దుకాణదారు ఎలా నడుస్తాడో అప్పటికప్పుడు చేసి చూపించింది. నాకు నవ్వొచ్చింది. తను మనుషుల్ని అంత బాగా పట్టగలదు మరి. నవ్వుతూనే టైమ్ చూసుకున్నాను.

గుమ్మటం దగ్గర వరసలో నిలబడ్డాక తలుపు చూసి అడిగింది. "గింత చిన్నగుందేందే?"

"తలుపే చిన్నది," అన్నాను.

తనని ముందు నడవమని నేను వెనక ఉన్నాను. నా వెనక జర్మన్‌లు ఎవరో పెద్ద గుంపు. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాయి. రాతి గోడలు రెండు భుజాలకూ తగులుతున్నాయి. తడి రాయి వాసన. మొదట్లో తను వాగుతూనే ఉంది. తర్వాత మాటలు తగ్గాయి. ఇంకొంచెం పైకెళ్ళాక ఆగిపోయింది.

"ఇంకెంత దూరం ఉందే?"

"ఇంకా చాలా ఉంది."

"నాతోని కాదు. దిగుదాం పా."

"దిగడానికి వీల్లేదు. వెనక జనం. వన్ వే ఇది."

నా చెయ్యి కోసం వెనక్కి తడిమింది. నేను రెండు చేతుల్తో బ్యాగు పట్టుకుని ఉన్నాను.

మధ్యలో దారి గుమ్మటం లోపలి అంచున సన్నటి వసారాలోకి తెరుచుకుంటుంది. తల మీద కప్పంతా దేవుడి తీర్పు రోజు చిత్రం. మా దగ్గరగా ఉన్న భాగమంతా నరకమే. కొమ్ములున్న రాక్షసులు మనుషుల్ని కర్రలతో పొడుస్తున్నారు, ఒకడు కాళ్ళు పట్టుకుని నములుతున్నాడు. తను అవేం చూడలేదు. మొహం గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి నా దగ్గరికొచ్చి, మీ స్నేహితురాలికి బాగానే ఉందా, కావాలంటే ఇటు నుంచి కిందికి పంపిస్తాను, అంది.

"షీ ఈజ్ ఫైన్," అన్నాను. "కాస్త ఆయాసం."

ఆ తర్వాతి మెట్లు ఇంకా ఇరుకు. గోడ వంపు తిరిగి మన మీదికి ఒరుగుతుంది, తల వంచి ఎక్కాలి. అక్కడ తను కూలబడి ఏడ్చింది. పెద్దగా కాదు. పిల్లి కూన అరిచినట్టు సన్నటి చప్పుడు, మధ్యలో "అమ్మా, అమ్మా," అని. ఊపిరి బయటికి వస్తోంది గాని లోపలికి పోతున్నట్టు లేదు. ఒక్కొక్క చప్పుడునీ నేను శ్రద్ధగా విన్నాను. గరాజ్‌లో నిలబడి విన్నంత శ్రద్ధగా. నా గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది.

వెనక జర్మన్ ఆవిడ నీళ్ళ సీసా ముందుకి అందించింది. తను తాగి, లేచి, చేతుల్తో మెట్లు పట్టుకుని పాక్కుంటూ పైకి వెళ్ళింది.

పైన గాలి, ఆకాశం, చుట్టూ ఎర్ర పెంకుల ఊరు. తను నన్ను గట్టిగా పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. "నువ్వు లేకపోతే నేను అక్కడే సచ్చిపోతుంటినే," అంది. దిగేటప్పుడు కిందికి వెళ్తున్నామన్న ధైర్యం కొద్దీ ఆగకుండా దిగింది.

వెనక సందులో ఒక చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. రొట్టె ముక్కలు వేసి ఉడికించిన టమాటా పులుసు తెచ్చారు. తను హ్యాండ్‌బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసి రెండు ప్లేట్లలోనూ చల్లింది. ఫొటోలు గ్రూపులో పెట్టింది. "నా ప్రాణ స్నేహితురాలు నన్ను మోసుకొచ్చింది" అని రాసి నాకు చూపించింది.

నేను చెంచా కింద పెట్టాను. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ముందు ఆ పిల్లి కూన చప్పుడు. తర్వాత ఊపిరి లోపలికి పోకుండా ఆగిపోవడం. తర్వాత, "అమ్మా... నాతోని... అమ్మా..." చేతుల్తో టేబుల్ అంచు పట్టుకుని మెట్లు పాకినట్టు వేళ్ళు కదిపాను. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. నాకు అనుకరించడం రాదు, కానీ ఆ ఒక్కసారికి వచ్చింది.

తను మొదట నవ్వింది. తర్వాత నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మారాయి.

"ఏందే అది? గట్ల చేస్తరా ఎవరన్న?"

"బాగా రాలేదా? ఇడ్లీ ముక్క కలపనా?"

కారప్పొడి డబ్బా మూత బిగించింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ రోజు నువ్వు గరాజ్‌ల ఉన్నవా?"

"ఉన్నాను."

"లోపలికి ఎందుకు రాలేదు?"

"మీరు నవ్వుతున్నారు. ఆపడం ఎందుకని."

తన మొహం ఎర్రబడింది. నీళ్ళు తాగింది. క్షమించమని అంటుందనుకున్నాను. అనలేదు. "నెలల తరబడి నా కిచెన్‌ల కూసొని ఏడ్చినవ్," అంది. "రోజూ. నువ్వు పోయినంక నాకు నిద్ర పట్టకపోతుండె. అదంతా నేనెక్కడ పెట్టుకోవాలె? నేను మనిషిని కాదా? వాళ్ళు నవ్వుతుంటే నాకు కొంచెం తేలికైంది. అంతే."

ఆ మాట అబద్ధం కాదని నాకు తెలుసు. నిజం కాబట్టే ఇంకా మండింది. నా ఏడుపు ఆమెకు బరువైతే నాతో చెప్పొచ్చు, తలుపు వేసుకోవచ్చు. పార్టీలో వడ్డించక్కర్లేదు.

"మెట్ల మధ్యలోనే నువ్వు దిగిపోయి ఉండొచ్చు," అన్నాను. "ఆ కాపలా అమ్మాయి దింపుతానంది. నేనే వద్దన్నాను."

తను నా మొహంలోకి చూసింది. నేను లేచి బ్యాగు తగిలించుకుని బయటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఒంటరిగా తిరిగినంత హాయిగా నేను ఏ ఊళ్ళోనూ తిరగలేదు. నది దాటి, గుట్ట మీదికి ఎక్కి, గులాబీ తోటలో గడ్డి మీద పడుకున్నాను. పిస్తా ఐస్‌క్రీమ్ తిన్నాను. దూరంగా గుమ్మటం బోర్లించిన గిన్నెలా కనిపిస్తోంది. జాలి వస్తుందేమో అని ఎదురుచూశాను. రాలేదు. గంటలు మోగుతుంటే కునుకు కూడా పట్టింది.

సాయంత్రం హోటల్ గదికి వెళ్ళేసరికి తను సూట్‌కేసు సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది. మర్నాడు రైలు, ఆ తర్వాత విమానం. సిడ్నీ దాకా పక్కపక్క సీట్లలో కూర్చుని వచ్చాం. భోజనం ట్రేలు అందుకునేటప్పుడు కూడా మాట్లాడుకోలేదు. ఎయిర్‌పోర్టులో వాళ్ళాయన ఎదురొచ్చి, "ఎలా ఉంది ట్రిప్పు?" అని అడిగితే ఇద్దరం ఒకేసారి "బాగుంది" అన్నాం.

తర్వాత నాలుగైదు నెలలకు హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళాను. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో పులిహోర తింటుంటే, కెల్లీవిల్ పార్టీల్లో ఎప్పుడూ ఉండే ఒక ఆంటీ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మావైపు ఆవిడే. కాస్త దూరంలో నా స్నేహితురాలు ఎవరితోనో నిలబడి మాట్లాడుతోంది. ఆవిడ గొంతు తగ్గించింది.

"ఏమ్మా, నేను విన్నది నిజమేనా? ఆ పిల్లకి ఇరుకంటే భయమని తెలిసీ నువ్వు కావాలని ఎక్కించావట?"

అప్పుడర్థమైంది, తను ఆ కథని కూడా పార్టీలో చెప్పిందని. ఈసారి ఏడ్చిన మనిషి తనే, కాబట్టి ఎవరూ నవ్వి ఉండరు.

"నిజమే ఆంటీ," అన్నాను.

ఆవిడ కాదంటాననుకుంది. నోరు తెరిచింది. "అయ్యో, ఎందుకమ్మా? అంత స్నేహంగా ఉండేవాళ్ళు!"

"ఎందుకో తనకి బాగా తెలుసు. తననే అడగండి."

ఆవిడ నిజంగానే వెనక్కి తిరిగి తనని పిలిచింది. గట్టిగా, క్యాంటీన్‌లో సగం మంది చూసేలా. తను వచ్చి నిలబడింది. ఆంటీ అడిగింది. తను నన్ను చూసింది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ రోజు ఆ వంటగదిలో ఉన్నవాళ్ళే. వాళ్ళు తమ ప్లేట్లలోకి చూసుకున్నారు.

"ఏమో ఆంటీ," అంది తను. "నాకు తెల్వదు."

నేను లేచాను. ప్లేటు తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఇంకాస్త పులిహోర పెట్టించుకున్నాను.