మొదటి పేజీలో నా సిరా

ఆ అద్దె నవలను తిరుపతి బస్టాండులో సత్యవేడు బస్సు కోసం ఎదురుచూస్తూ ముగించాను. అందులో ఒక రాజాస్థానం, ఒక హత్య. బి.ఏ.లో నేను కంఠతా పట్టిన పద్యాల కవులే పాత్రలు. వాళ్ళ నోట ఒక్క పద్యం రాలేదు. దొంగల్లా ఒకరినొకరు అనుమానించుకోవడమే సరిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఏడుస్తున్న బిడ్డను ఒళ్ళో సర్దుకుని, అద్దె పుస్తకాల్లో అందరూ రాసినట్టే మొదటి పేజీలో పెన్నుతో రాశాను: "హంతకుడు ముసలి కవే. చదవకండి."

పక్కన ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నామె అట్ట చూసి గుర్తుపట్టింది.

"నీ కాడ ఉండాదామ్మా ఇది! సగంలో ఉండంగానే గడువైపోయి ఇచ్చేస్తిమి. మళ్ళీ పోతే ఎవురో తీసకపోయినారనిరి. మా ఇంటాయన కండ్ల ఆపరేషనై ఆస్పత్రిలో ఉండాడు. నేను సదివితే ఇంటాడు. ఆ ముసిలి కవంటే పానం ఆయనకి."

నేను దాచేలోపే ఆమె పుస్తకం అందుకుని మొదటి పేజీ తెరిచింది. చదివి, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. నేను తలెత్తలేకపోయాను.

"తప్పైపోయిందక్కా," అన్నాను.

"పోనీలే. ఆయన కండ్లకు కట్టుండాది గదా, సదివేది నేనే. ఆ హత్య ఇంకొకడి మీద ఏస్తాలే," అని నవ్వింది. "నువ్వు బస్సెక్కు పో. పుస్తకం అంగట్లో నేనిచ్చేస్తా."

నెల తర్వాత అదే అంగట్లో ఆ నవల కనబడితే తెరిచాను. నా అక్షరాల మీద క్యాలెండరు కాగితం ముక్క ఒకటి అన్నం మెతుకులతో అతికించి ఉంది. అంచును గోటితో తడిమి చూశాను. ఎక్కడా లేవలేదు.