చప్పిడక్క పీతలు

ఆసుపత్రి వంటగదిలో ఆమెను పేరు పెట్టి పిలిచే నరపురుగు లేదు. పథ్యం గిన్నెల దగ్గర పదహారేళ్లుగా ఉప్పు లేకుండా వండుతోంది కనుక అందరికీ చప్పిడక్క. మొగుడు పోయాక ఎవరో మళ్లీ పెళ్లి మాట ఎత్తితే, "ఆ చేతి కూడు ఎవడు తింటాడే!" అని సొంత ఆడపడుచే నవ్వింది. రుచి చూడటం కూడా ఆమె ఎప్పుడో మానేసింది. చూడటానికి ఏముంది గనక?

ఇంట్లో నా అన్నవాళ్లు రెండు పీతలు. శంఖాన్నే ఇల్లుగా మోసుకు తిరిగే జాతి. అమ్మినప్పుడు కొట్టువాడు ఒక్కటే చెప్పాడు.

"ఉప్పు, నూనె, ఉల్లి, మసాలా తగలనివ్వకమ్మా. మనం తినేవి పెట్టావో, వాటి పని సరి."

ఆమెకు నవ్వొచ్చింది. తన వంట తినడానికే పుట్టిన ప్రాణులు లోకంలో రెండున్నాయన్నమాట!

ఉడికించిన క్యారెట్టు, గుమ్మడి ముక్క, కాస్త గుడ్డు, ఎండబెట్టి నూరిన గుడ్డు పెంకు. రోజూ పొద్దున్నే ఆసుపత్రిలోనే ఇవన్నీ చిన్న తెల్లమూత డబ్బాలో సర్ది, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లేది. ఆ వంటగదిలో ఎర్రమూత అంటే ఉప్పున్నది, తెల్లమూత అంటే లేనిది. రోగుల ప్రాణాలన్నీ ఆ మూత రంగు మీదే నడిచేవి.

పెద్ద వంటవాడికి తెల్లమూత చూస్తే ఒళ్లు మంట. రక్తపోటని డాక్టరు ఉప్పు మాన్పించి మూడేళ్లయింది. ఊరందరికీ రుచిగా వండి, మధ్యాహ్నం తను మాత్రం చప్పిడక్క డబ్బా ముందు కూర్చోవాలి.

"ఏం చప్పిడక్కా, అల్లుళ్లకు క్యారేజీ కట్టావా?"

"కట్టా. వాళ్లు నీలా మూతి ముడవరు అన్నయ్యా, పెట్టింది తింటారు."

వంటగదంతా పగలబడి నవ్వింది. అతనొక్కడూ నవ్వలేదు.

పది రోజులకు పెద్ద పీత శంఖం వదిలేసి, ఒంటి మీద ఏమీ లేకుండా ఇసుకలో పడి ఉంది. మర్నాటికి కంపు కొట్టింది. చిన్నది మూలకు నక్కింది. ఆమె నీళ్లు మార్చింది, ఇసుక మార్చింది. తిండి మాత్రం మార్చలేదు. తెల్లమూతను అనుమానించడం ఆమెకు చేతకాదు.

"ఒకటి పోయింది" అంది వంటగదికి వచ్చి.

పెద్ద వంటవాడు చేతులు తుడుచుకున్నాడు. "పోతే పోయింది, రుచి తెలిసి పోయిందిలే. పది రోజులుగా నీ డబ్బాలో ఉప్పు కలిపింది నేనే. వంటమనిషివి, ఒక్కసారి నాలిక మీద వేసుకుంటే తెలిసేది కాదూ?"

మళ్లీ అందరూ నవ్వారు.

ఆమె డబ్బా తీసి ఓ ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు కషాయం.

ఆ సాయంత్రం ఇంట్లో గుమ్మడి ముక్క ఉడికించి, ముందు తను కొరికి చూసి, చిన్న పీత ముందు పెట్టింది. అది కదల్లేదు. తెల్లారేసరికి రెండో శంఖమూ ఖాళీ.

మధ్యాహ్నం పెద్ద వంటవాడి ముందు ఎప్పటిలాగే తెల్లమూత డబ్బా పెట్టింది. అతను రెండు ముద్దలు తిని ఆగాడు. డబ్బాలోకి చూశాడు, ఆమె వంక చూశాడు. సంగతి అర్థమైంది. అయినా చెయ్యి ఆగలేదు. మూడేళ్ల ఆకలి మరి.

"ఇన్నాళ్లకు నీ చేతికి రుచి తగిలిందే చప్పిడక్కా" అన్నాడు, అడుగు ఊడుస్తూ.

"నాలిక మీద వేసుకుని మరీ చూశా అన్నయ్యా" అందామె. "రేపు ఇంకాస్త వేస్తాలే."