బొల్లిగాడి కాయిన్

చిన్నసుబ్బయ్య మా పక్కింటివాడు. పెద్దముడియంలో గొర్రెలు కాచే మనిషి. అతనికి జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు.

బొల్లిగాడు అతని పొట్టేలు. ఈనగానే తల్లి చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి, పక్కలో పడుకోబెట్టుకుని సాకాడు. పిల్లల్లేని మనిషి. ఎంత బేరమొచ్చినా అమ్మలేదు. ఒకరోజు మా ఊళ్ళో ఒక నాయకుడు ప్రసంగిస్తుంటే బొల్లిగాడు వెనకనుంచి వెళ్ళి ఆయన మెడలోని పూలదండ నమలడం మొదలుపెట్టాడు. ఆయన ప్రసంగం ఆపలేదు, వీడు నమలడం ఆపలేదు. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న మా ఊరి మహేష్ దాన్ని వీడియో తీశాడు. పులివెందుల దాకా అందరి ఫోన్లలో అదే బొమ్మ, దాని కింద తలా ఒక వెటకారం.

అక్కడితో ఆగి ఉంటే పోయేది. మహేష్‌గాడు ఆ బొమ్మతో ఇంటర్నెట్‌లో ఒక కాయిన్ పుట్టించాడు. బొల్లి కాయిన్! చేత్తో పట్టుకునేది కాదు, దాని వెనక బంగారమూ లేదు, భూమీ లేదు. కొనేవాళ్ళు ఎక్కువైతే రేటు లేస్తుంది, అంతే. సుబ్బయ్యను మాటమాత్రం కూడా అడగలేదు. ఊళ్ళో ఎవరికీ అర్థం కాకపోతే ఆ తెలివిగల్లోడు ఒకటే అన్నాడు: "పొట్టేల్లో పోగు ఏసుకుంటాం సూడు, అట్లే అనుకోండప్పా."

పండగొస్తే మావాళ్ళు నలుగురు కలిసి పొట్టేలు కొని, కోసి, సమానంగా పోగులు పెట్టుకుంటారు. ఇంక చెప్పాలా, ఊరు ఊరంతా కొనేసింది. కొన్నాళ్ళకు రేటు పాతాళానికి పోయింది. మహేష్ ఫోన్ ఆపేశాడు.

ఉగాది మర్నాడు పొద్దున్నే పెద్ద రైతు ఆదినారాయణ, వెనకాల జనం, చేతుల్లో గిన్నెలతో సుబ్బయ్య వాకిట్లోకి వచ్చారు.

"పొట్టేల్ని ఇడువు సుబ్బయ్యా. మా పోగులు మాకు రావల్ల."

"ఏం పోగులప్పా? నేనెవురికి అమ్మినా?"

"మహేష్ అమ్మినాడు. మేం దుడ్లు పెట్టినాం."

"వాని సొత్తా అది? నా బిడ్డప్పా!"

నేను అడ్డం పోయాను. "సిగ్గు లేదా మీకు? పొయ్యి వాని అంగడి తలుపు పగలగొట్టండి!" అని అరిచాను. ఎవడు వింటాడు? మహేష్ ఎక్కడున్నాడో తెలీదు, పొట్టేలు ఎదురుగా ఉంది. సుబ్బయ్యను ఇద్దరు పట్టుకుంటే మిగిలినవాళ్ళు అక్కడే కోశారు. పంపకంలో అన్యాయం జరగకూడదంట, అతనికీ ఒక పోగు పెట్టి పోయారు. థూ!

ఎవడో ఆ కోత వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. సాయంత్రానికి కాయిన్ మళ్ళీ లేచింది. వెంటనే మహేష్ నాకు ఫోన్ చేశాడు.

"మామా, రేటు లేస్తాంది. ఎవురూ అమ్మొద్దని ఊర్లో చెప్పు."

పక్కనే కూర్చుని వింటున్న సుబ్బయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఆ కాయిన్ దేనికి పనికొస్తాదిరా మహేషూ?"

"పనికొచ్చేదేముంది మామా? జోకు. జనం నవ్వుకునేదానికి."

"అట్లయితే ఈడికి రా," అన్నాడు సుబ్బయ్య. "వాకిట్లో నెత్తురు ఇంకా కడగలేదు. సూసి నవ్వుదువు."