మామ వ్యానుకు హైడ్రోజన్ పట్టించిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు పెట్రోలంటే జాలి, బ్యాటరీ అంటే కోపం. పాపం, అవి నాకు చేసిన అపకారమేమీ లేదు. తమిళనాడు ధర్మపురిలో ఇంజనీరింగు కాలేజీలో చివరి సంవత్సరం, మెకానికల్ చదువుతున్నాను. మా ఊరి పక్కనుంచి పోయే హైవే మీద కరెంటు బండ్లు చప్పుడు చేయకుండా తిరగడం అప్పుడప్పుడే మొదలైంది. క్లాసులో అందరూ "ఇంక ఇంజన్ల కథ ముగిసింది, బ్యాటరీల గురించి చదువుకుందాం" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. నాలుగేళ్లు పిస్టన్లూ వాల్వులూ బట్టీ పట్టింది ఇందుకేనా? చక్రాల మీద తిరిగే సెల్‌ఫోన్‌ను కారని నేను ఒప్పుకునేవాణ్ని కాదు. నా దృష్టిలో ఇంజనంటే లోపల మండాలి, బయటికి అరవాలి, పొగ మాత్రం రాకూడదు. అలాంటిది ఉందా అని వెతికితే దొరికింది, హైడ్రోజన్. పెట్రోలు బదులు దాన్ని మండిస్తే పొగగొట్టంలోంచి వచ్చేది దాదాపుగా నీటి ఆవిరే. ఈ సంగతి లైబ్రరీలో చదివిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను (మా అవ్వ మరిచిపోనివ్వలేదు, అది వేరే సంగతి).

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. నల్లంపల్లి దగ్గరి పల్లెలో ఆమె ఇంట్లోనే మేమంతా ఉండేవాళ్లం. నాయన మేస్త్రీ, ఎక్కడ కట్టడం పని దొరికితే అక్కడికి పోయేవాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. (తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ఇందులో ఎక్కడైనా దీర్ఘం తప్పితే మన్నించాలి.) నా హైడ్రోజన్ పిచ్చికి తోడు రోటరీ ఇంజన్ పిచ్చి ఒకటి పట్టుకుంది. హైడ్రోజన్‌కు తొందరెక్కువ. మామూలు ఇంజన్లో గాలి పీల్చే చోటే మంట కూడా పుడుతుంది కాబట్టి, లోపల కాస్త వేడి మిగిలినా చాలు, వాల్వు మూసుకోక ముందే అంటుకుని వచ్చిన దారినే వెనక్కి తన్నుతుంది. రోటరీ ఇంజన్లో ఆ బాధ తక్కువ. దాంట్లో పైకీ కిందికీ ఆడే పిస్టన్లుండవు. పక్కలు ఉబ్బిన మూడు మూలల దిమ్మ ఒకటి, నడుము నొక్కిన గుడ్డులాంటి పెట్టెలో గిరగిర తిరుగుతుంది. పీల్చేది ఒక పక్క, మండేది ఇంకో పక్క. ఇదంతా అవ్వకు స్టీలు గిన్నెలో అట్టముక్క తిప్పి చూపించాను.

"గ్రైండరు మాదిరి ఉండాదే," అంది అవ్వ.

"ఆమా అవ్వా, అట్లాంటిదే."

"మరి పిండి యాడనుంచి వస్తాది?"

పిండి రాదు, శక్తి వస్తుందన్నాను. అవ్వ నా మొహంలోకి జాలిగా చూసి, గిన్నె తీసుకుని పోయి కడిగింది.

రోటరీ ఇంజన్ కోసం సేలంలో పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగాను. బొమ్మ గీసి చూపిస్తే ఒకాయన చాలాసేపు తిప్పి తిప్పి చూసి, అలాంటిది రాలేదనీ, కావాలంటే బోరు మోటారు ఉందనీ చెప్పాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఈ జ్ఞాపకమే ఉండేది కాదు. రోటరీ లేకపోతే ఏం, ఉన్న ఇంజన్‌తోనే చేసి చూపిద్దామనుకున్నాను. ఉన్న ఇంజనంటే మామ వ్యాను. మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ వ్యానులో పొద్దున సాయంత్రం బడి పిల్లల్ని తిప్పేవాడు. మిగతా వేళల్లో బొమ్మిడి స్టేషనుకు సవారీలు వేసేవాడు. అది తప్ప ఆయనకు వేరే బతుకుతెరువు లేదు. అయినా నేను గంటసేపు వివరించి అడిగితే, ఆదివారం తీసుకోమన్నాడు. ఆ వ్యాను పెట్రోలుతోనూ నడిచేది, గ్యాసుతోనూ నడిచేది. గ్యాసు కిట్టు ముందే ఉంది కాబట్టి సిలిండరు మారిస్తే సరిపోతుందని నా లెక్క. (సరిపోదు. ఏమేం మార్చానో ఇక్కడ రాయను, ఎవరైనా చేసి చూస్తారన్న భయంతో.)

కాలేజీలో నా ప్రాజెక్టుకు గైడుగా ఒక సారు ఉండేవాడు. మితభాషి. మేం ఆయనకు 'వద్దు సారు' అని పేరు పెట్టుకున్నాం. ఏ పిల్లవాడు ఏమడిగినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. నా ఆలోచన విని అరవంలో, "వద్దు. కాగితం మీద లెక్కలు చెయ్యి, నమూనా బొమ్మ ఒకటి చేసి పెట్టు, చాలు" అన్నాడు. ఆ బొమ్మకు కావలసిన సామాను కోసమని సంతకం పెట్టిన కాలేజీ ఉత్తరం ఒకటి ఇచ్చాడు. కింద ఆయన సంతకం, పైన సామాను పేర్లు రాసుకోవడానికి ఖాళీ. ఆ ఖాళీలో నేను హైడ్రోజన్ సిలిండరని రాశాను. గ్యాసు అంగట్లో ఉత్తరం చూసి, మారు మాట్లాడకుండా సిలిండరు ఇచ్చారు. దాన్ని ఆటోలో ఇంటికి తెస్తున్నంతసేపూ, సారు ఎక్కడ ఎదురొస్తాడోనని సందు సందూ తొంగి చూస్తూనే ఉన్నాను.

ఆదివారం, పట్టపగలు. ఎండ చురచురలాడుతోంది. వ్యానును ఇంటి ముందు వాకిట్లో నిలబెట్టి, నాలుగడుగుల అవతల గోడ పక్కన సిలిండరును పశువులు కట్టే గుంజకు గొలుసుతో బిగించాను. అక్కడినుంచి ఇనుప అల్లిక చుట్టిన గొట్టం వ్యాను దాకా. సిలిండరు వాల్వును తిప్పి మూసే తాళంచెవి చేతికి అడ్డంగా ఉందని వ్యానులో స్టీరింగు ముందరి అరలో పెట్టాను. (నా ఇంజనీరింగు తెలివికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.) స్టీరింగు ముందు నేనే కూర్చోబోతుంటే మామ అడ్డుపడ్డాడు.

"నువ్వు బయట ఉండి చూసుకో. నా బండి నేను ఎక్కితేనే మాట వింటాది."

"రేపు బడి ఉండాదిరా," అంది అవ్వ అరుగు మీదనుంచి. "బండికి ఏమన్నా అయితే పిల్లల్ని ఎట్ల తీసకపోతావు?"

"ఏం కాదులేమ్మా, సుమ్మా, ఊరికే రెండు నిమిషాలు," అన్నాడు మామ.

ఆయన తాళం తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది! ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పెట్రోలు చప్పుడులా బొంగురుగా కాదు, టకటకమని, ఎవరో సన్నటి కర్రలతో రేకు మీద వాయిస్తున్నట్టు. నేను వెనక్కి పరిగెత్తి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాను. వెచ్చటి తేమ. చేతిలో నీటి చుక్కలు! "నీళ్లు మామా, నీళ్లు!" అని అరిచాను. ఒక చుక్క నాలుక మీద కూడా వేసుకున్నాను (పాత ఇంజనాయిలు రుచి). అర నిమిషం పాటు ఆ హైవే మీద పోయే బండ్లన్నిటినీ నేను క్షమించేశాను.

అప్పుడే ఇంజన్ వెనక్కి తన్ని పేలింది. చెవులు గింగురుమన్నాయి. ఇంజన్ ఆగిపోయింది. గాలి వడపోసే డబ్బా ముక్కలై వాకిట్లో పడింది. కిట్టు దగ్గర గొట్టం ఊడి, వ్యాను ముందు చక్రం పక్కన, మామ తలుపు కింద నేల మీద పడింది. పొగ లేదు, మంట లేదు. స్‌స్‌స్ అని సన్నటి చప్పుడు మాత్రం వస్తోంది. హమ్మయ్య, ఇంతే కదా అనుకుని గొట్టం వైపు అడుగు వేశాను. అవ్వ చేతిలో కొబ్బరి చీపురుతో అరుగు దిగి వచ్చింది. అది నన్ను కొట్టడానికేనని నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

"ఇంటి ముందర బాంబు పేలుస్తావారా!" అని చీపురెత్తి నాకూ వ్యానుకూ మధ్యలో ఝుళిపించింది. చీపురు కొస భగ్గున అంటుకుంది. గాలిలో, ఏమీ లేని చోట.

అవ్వ చీపురు వంక చూసింది. నేను చీపురు వంక చూశాను. అప్పుడు చదివింది గుర్తొచ్చింది. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి కనపడదు. ఆ గొట్టం కొసనుంచి మంట వస్తూనే ఉంది, నేరుగా మామ తలుపు కిందికి. ఆయన తలుపు గడియ తీస్తున్నాడు.

"దిగొద్దు మామా! మంట ఉండాది!"

"యాడరా?"

"నీ తలుపు కిందే! కనపడదు!"

"కనపడని మంట యాడన్నా ఉంటాదా?" అని ఆయన తలుపు జానెడు తెరిచాడు. అవ్వ చేతిలో మండుతున్న చీపురు చూసి మళ్లీ మూశాడు. ఇంతలో ముందు చక్రం నుంచి సన్నగా నల్ల పొగ లేచింది. రబ్బరు కాలుతోంది. వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు నిండుగా ఉంది. రేపటి బడి కోసం మామ నింపి పెట్టుకున్నాడు.

"అవతలి పక్కకు జరుగు మామా! అరలో తాళంచెవి ఉండాది, ఆ కిటికీలోంచి ఎయ్యి!"

ఆయన అరంతా వెతికాడు. తువ్వాలు, విభూతి పొట్లం, పాత రసీదులు ఒక్కొక్కటే కిటికీలోంచి బయట పడుతున్నాయి. "ఇదేనా? ఇదేనా?" అని ప్రతిదానికీ అడుగుతున్నాడు. కాదు మామా, కాదు మామా అని నేను ఏడుపు గొంతుతో అరుస్తున్నాను. చివరికి తాళంచెవి పడింది. దాన్ని ఏరుకుని సిలిండరు వైపు తిరిగితే మళ్లీ భయం. మంట ఎంత దూరం సాగుతోందో, ఏ పక్కకు తిరిగిందో తెలిసేదెట్లా? అవ్వ అప్పటికే కాలిన చీపురును పడేసి, అరుగు కింద ఇంకొకటి తీసుకుని నా ముందు నిలబడింది.

"నా వెనకాలే దా."

అవ్వ ముందు, నేను వెనక. చీపురును కళ్లం ఊడ్చినట్టు గాలిలో అటూ ఇటూ ఆడిస్తూ ఆమె ఒక్కో అడుగే వేసింది. ఒకచోట చీపురు పుల్లలు ఎర్రబడ్డాయి. "ఇక్కడుండాది, ముండమోపి," అంటూ నన్ను గోడ వైపు నెట్టింది. గోడకు వీపు ఆనించి జరుగుతూ జరుగుతూ గుంజ చేరాను. తాళంచెవి తగిలించి బలమంతా పెట్టి తిప్పాను. మొదట తెరిచే వైపే తిప్పాను, స్‌స్‌స్ పెద్దదైంది. "అటు కాదురా!" అని సిలిండరును జన్మలో చూడని అవ్వ అరిచింది. ఇటు తిప్పాను. చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. మామ అవతలి తలుపులోంచి దూకి, పశువుల తొట్టిలో నీళ్లు తెచ్చి చక్రం మీద కుమ్మరించాడు.

మామ ఆ సాయంత్రమే చక్రం మార్చి, డబ్బా మార్చి, సోమవారం పొద్దున పిల్లల్ని పెట్రోలుతోనే బడికి చేర్చాడు. నేను కాలేజీకి పోయి వద్దు సారు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను, ఉత్తరం సంగతితో సహా. ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టాడు. "నీకేమన్నా అయి ఉంటే ఆ సంతకం తలుచుకుంటూ నేనెట్లా బతికేవాణ్నిరా?" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ మధ్యాహ్నమే ఆయన స్వయంగా మా ఇంటికి వచ్చి, సిలిండరును తిరిగి పంపించి, నన్ను 'హైడ్రోజన్ ఇంజన్లలో ప్రమాదాలు' అని కొత్తగా ప్రాజెక్టు రాయమన్నాడు. వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, హైడ్రోజన్ మంటను ఎలా గుర్తిస్తావని అడిగాడు. "చీపురుతో సార్," అన్నాను. ఆయన పకపక నవ్వాడు. వద్దు సారు నవ్వలేదు. "సరైన జవాబే," అని మార్కులు వేయించాడు.

ఇప్పుడు నేను బ్యాటరీ బండ్లు తయారయ్యే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. (నవ్వండి, నాకూ నవ్వొస్తుంది.) ఈ మధ్య ఎక్కడో హైడ్రోజన్‌తో నడిచే రోటరీ కారు చేసి చూస్తున్నారని వార్త కనపడితే, సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఫోనులో మామకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ మూడు మూలల దిమ్మను చాలాసేపు చూశాడు.

"ఆ దినం నేను చెప్పింది నీకు ఏమన్నా అర్థమయిందా మామా?" అని అడిగాను.

"ఒక ముక్క కూడా అర్థం కాలే."

"మరి ఎట్ల నమ్మి కూర్చున్నావు బండిలో?"

"నమ్మింది ఎవరురా?" అన్నాడు మామ, ఫోను నా చేతికిస్తూ. "నేను కూర్చోకుంటే నువ్వు కూర్చునేవాడివి."

అరచేతిలో నాలుగు నీటి చుక్కలు పట్టుకుని లోకాన్ని మార్చేశానని గంతులేసిన ఆ ఇరవై ఏళ్లవాడి మీద నాకిప్పుడు కోపం లేదు. వాడు ఆ అర నిమిషం అంత సంతోషంగా అరవగలిగింది, స్టీరింగు ముందు తన బదులు మామ కూర్చుని ఉన్నందువల్లేనని వాడికి మాత్రం ఎవరు చెప్పారు గనక?